మూడున్నర గంటల దూరం

ఆ మంగళవారం ఉదయం జంతు ప్రదర్శనశాల ఆఫీసులో హెడ్ గుమాస్తా గారు పెట్టుకున్న పని ఒక్కటే. పదకొండింటిలోపు ఒక ఫారం పూర్తిచేసి డైరెక్టర్ గారి బల్ల మీద పెట్టాలి. ఆ తర్వాత వెనక గదిలోకి వెళ్ళి, ఎదురుగా ఇంకో కుర్చీ వేసుకుని, దాని మీద కాళ్ళు చాపి అరగంట కూర్చోవాలి. పాదాలు వాస్తున్నాయి, కాస్త ఎత్తులో పెట్టుకోమని డాక్టరు చెప్పి వారం అయింది. ఆ వారం రోజులుగా ఆ అరగంట రేపటికి, రేపటి నుంచి ఎల్లుండికి జరుగుతూ వస్తోంది.

ఫారం ఒక తాబేలుది. మామూలు తాబేలు కాదు, ఇద్దరు మనుషులు పట్టుకుంటే గానీ లేవని పెద్ద మగ తాబేలు. వయసు తొంభై పైమాటే. అందరూ దాన్ని "పెద్దాయన" అంటారు. నాలుగేళ్ళ కిందట దాని జంట చనిపోయింది. భూమికి అవతలి వైపున ఇంకో జంతు ప్రదర్శనశాలలో ఒక ఆడ తాబేలు ఒంటరిగా ఉందని తెలిసి, ఆరు నెలలు ఉత్తరాలు నడిచి, గురువారం విమానంలో పెద్దాయనను అక్కడికి పంపడానికి అంతా సిద్ధమైంది. ఫారంలో ముప్ఫై గడులుంటే ఇరవై ఎనిమిది నిండాయి, ఇరవై రెండోది పశువైద్యురాలు నింపాల్సింది. ఆయనకు మిగిలింది పద్నాలుగో గడి. "బయలుదేరే విమానాశ్రయానికీ చేరే విమానాశ్రయానికీ మధ్య దూరం, ప్రయాణ కాలం."

హెడ్ గుమాస్తా గారిని వెనకాల అందరూ రూళ్ళకర్ర అంటారు. ఏ కాగితం మీదైనా ముందు గీత గీసి, తర్వాతే అక్షరం రాస్తారు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. పాతికేళ్ళ కిందట కోపం వచ్చేది, ఇప్పుడు ఓపిక లేదు. ఆయన స్టూలు ఎక్కి, గోడ మీది ప్రపంచ పటానికి రూళ్ళకర్ర ఆనించారు. ఒక విమానాశ్రయం ఈ చివర, ఇంకోటి ఆ చివర. కర్ర రెండుసార్లు నిండుగా పట్టింది, మూడోసారి పదమూడు సెంటీమీటర్ల దగ్గర ఆగింది. మొత్తం డెబ్భై మూడు. పటం అడుగున సెంటీమీటరుకు రెండు వందల కిలోమీటర్లని ఉంది. పద్నాలుగు వేల ఆరు వందలు. స్టూలు ఊగకుండా దిగనిచ్చింది, ఆ ఉదయానికి అదే పదివేలు.

ప్రయాణ కాలం ఇంకా తేలిక. విమానం వాళ్ళు పంపిన కాగితంలో బయలుదేరేది ఉదయం తొమ్మిది పది, చేరేది మధ్యాహ్నం పన్నెండు నలభై అని ఉంది. తేదీ ఒకటే. ఆయన తీసివేత వేసి, మూడున్నర గంటలని రాసి, సంతకం చేసి, పక్కన ఎర్ర ముద్ర వేశారు.

అప్పుడే తలుపు దగ్గర ఆకుల మామ నిలబడ్డాడు. పెద్దాయనను ఇరవై రెండేళ్ళుగా చూసుకుంటున్న మనిషి. ఎప్పుడు చూసినా చంకలో ఆకుల కట్ట ఉంటుంది కాబట్టి ఆ పేరు.

"రావయ్యా. నీకు ప్రయాణం తప్పింది, సంతోషించు" అన్నారు హెడ్ గుమాస్తా గారు.

"తప్పడమేంటండీ. సంచి సర్దేసుకున్నాను. బూట్లు కూడా కొన్నాను, కరుస్తున్నాయి."

"పన్నెండు గంటలు దాటిన ప్రయాణమైతేనే జంతువుకు తోడుగా మనిషి వెళ్ళాలయ్యా. ఇది మూడున్నర గంటలే. పెట్టె మీద చీటీ అంటిస్తే చాలు."

ఆకుల మామ కాసేపు ప్రపంచ పటం వంక చూశాడు. "అంత దూరం మూడున్నర గంటలేనాండీ? మా తమ్ముడుండే చోటికి బస్సులో అయిదు గంటలు."

"అది బస్సు. ఇది విమానం."

ఆకుల మామ చంకలోని కట్ట సర్దుకున్నాడు. అతని దిగులు వేరే ఉంది. "ఆయన నా చేత్తో పెడితేనే తింటాడండీ. అమ్మగారు పోయినప్పుడు పదకొండు రోజులు మెడ బయటికి పెట్టలేదు. పోయినేడు నాకు జ్వరం వస్తే తొమ్మిది రోజులు పస్తు. తెలియని చోట, తెలియని చేతులు. ఈ వయసులో ఎన్నాళ్ళు ఉంటాడండీ అట్లా?" అమ్మగారంటే ఆడ తాబేలు.

"నాకు తెలుసయ్యా. గడిలో పన్నెండు లేదు" అన్నారు హెడ్ గుమాస్తా గారు. అని, కరుస్తున్న బూట్ల సంగతి ఇక అడగలేకపోయారు. ఆకుల మామ వెళ్తూ తలుపు చప్పుడు కాకుండా వేశాడు. గట్టిగా వేసి ఉంటే బాగుండేది.

ఫారం తర్వాత చేరాల్సింది పశువైద్యురాలి దగ్గరికి. ఆవిడ ఒంటె పన్ను చూసి వచ్చి, చేతులు కడుక్కుని, ఇరవై రెండో గడిలో సంతకం పెట్టబోయి ఆగింది. ప్రయాణ వేగాన్ని జంతువు తట్టుకోగలదని ఆ గడిలో ఆవిడ ధ్రువీకరించాలి. కాగితం చివర చిన్న భాగాహారం వేసి, లేచి వచ్చింది.

"ఈ విమానం ధ్వని కంటే మూడింతల వేగంతో వెళ్తోందండీ."

"విమానాలు వేగంగానే వెళ్తాయి కదమ్మా."

"ఇంత వేగం వెళ్ళవండీ. పద్నాలుగో గడిలో ఎక్కడో తప్పుంది."

"ముద్ర పడిపోయిందమ్మా."

ఆ ఆఫీసులో ఎర్ర ముద్ర పడిన అంకెను మార్చే పద్ధతి లేదు. కొట్టివేతలున్న ఫారం చెల్లదు, కొత్త ఫారం కావాలంటే నెల పడుతుంది. అందుకని అంకె అక్కడే ఉంటుంది, మిగతా లోకమే దానికి తగ్గట్టు సర్దుకుంటుంది. డాక్టరమ్మ ఈ మాట మూడేళ్ళుగా వింటోంది. ఒంటె పన్నుతో విసిగి ఉన్న మనిషి, వాదించే ఓపిక లేక ఇరవై రెండో గడిలో ఇలా రాసి వెళ్ళిపోయింది: "ఈ వేగానికైతే పెట్టెకు నాలుగు వైపులా నాలుగింతలు మెత్త ఉండాలి." ఎగతాళిగా రాసింది. ఎగతాళికి ఫారంలో వేరే గడి లేదు.

మధ్యాహ్నానికి ఆ వాక్యం నకలు వడ్రంగికి చేరింది. వడ్రంగి మంచి పనిమంతుడు. చెప్పింది చెప్పినట్టు చేస్తాడు, అదే ఆయన లోపం. నాలుగింతల మెత్త పట్టాలంటే పెట్టె పెరగాలి. పెరిగింది. బుధవారం పొద్దునకి షెడ్డులో చిన్న గదంత పెట్టె తయారై కూర్చుంది. పెట్టె చూడడానికి వచ్చిన ఆకుల మామను పక్కకు పిలిచి వడ్రంగి మెల్లగా చెప్పాడు.

"అన్నా, పెట్టె బ్రహ్మాండంగా కుదిరింది. షెడ్డు తలుపే చిన్నదైంది."

"మా పెద్దాయన కాపురం పెట్టడానికి కడుతున్నావా, పంపడానికా?"

"నన్నడుగుతావేం? డాక్టరమ్మ రాసింది, నేను కట్టాను."

డైరెక్టర్ గారు కారు దిగేసరికి వడ్రంగి తలుపు చట్రం ఊడబీకుతున్నాడు. ఆవిడ మెత్తని మనిషి. ఏ సమస్యకైనా ఒక మర్యాదైన ఉత్తరం సరిపోతుందని నమ్ముతుంది, చాలాసార్లు సరిపోయింది కూడా. ఎందుకిదంతా అని అడిగి, వేగం సంగతి విని, హెడ్ గుమాస్తా గారిని పిలిచింది.

"పెట్టెని పెంచడం దేనికండీ? విమానాన్ని తగ్గించమందాం. రాయండి."

ఆయన రాశారు. "అయ్యా, మా ప్రయాణికుడి వయసు తొంభై పైన. కనుక దయచేసి గురువారం విమానాన్ని వీలైనంత నెమ్మదిగా నడిపించగలరు." సంతకం పెట్టేటప్పుడు ఆయనకు ఏదో తేడాగా అనిపించింది. కానీ అప్పటికి అరగంట నుంచి నిలబడే ఉన్నారు. నిలబడ్డ మనిషికి అనిపించేవన్నీ కాళ్ళ దగ్గరే మొదలై అక్కడే ఆగిపోతాయి.

ఉత్తరం అందిన గంటలోపే విమానం వాళ్ళ సరుకుల ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. ఒక అమ్మాయి గొంతు. పొద్దున్నుంచీ ఇలాంటివే వింటున్నట్టు ఉంది.

"సార్, విమానాన్ని మరీ నెమ్మదిగా నడిపితే పడిపోతుందండీ."

"మరీ నెమ్మదిగా వద్దమ్మా. మూడున్నర గంటల ప్రయాణాన్ని ఓ ఆరు గంటలు చేస్తే చాలు."

"మూడున్నరా? ఎవరు చెప్పారండీ?"

"మీ కాగితమే. తొమ్మిది పది, పన్నెండు నలభై."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడైంది. "సార్, అక్కడి గడియారం మన గడియారం కంటే పదకొండు గంటలు వెనక ఉంటుందండీ. అది కలుపుకోవాలి. ఒక్క నిమిషం, ఇంకో ఫోన్ వస్తోంది" అని ఆ అమ్మాయి లైనులోనే ఉంచింది.

హెడ్ గుమాస్తా గారికి వెలుగు కనిపించింది. వెనక అంటే తీసివేత. వెనక ఉన్నదాన్ని కలపమనడం ఆ పిల్ల తొందరలో అన్న మాటే అయ్యుంటుంది. మూడున్నరలోంచి పదకొండు తీశారు. వచ్చిన అంకెను రెండుసార్లు సరిచూసుకుని, ఫోన్ పక్కన పెట్టి, డైరెక్టర్ గారి గదిలోకి నడిచారు. డాక్టరమ్మ అక్కడే ఉంది. ఆకుల మామ గుమ్మంలో ఉన్నాడు. రేపు విమానం ఎక్కకపోయినా పొద్దున్నుంచీ ఆ బూట్లు విప్పలేదు.

"మేడమ్, మైనస్ ఏడున్నర గంటలండీ."

"అంటే?"

"బయలుదేరడానికి ఏడున్నర గంటల ముందే చేరతాడండీ."

డాక్టరమ్మ నుదుటి మీద చెయ్యి పెట్టుకుంది. డైరెక్టర్ గారు కాగితం తిరగేసి చూసింది, వెనక ఏమన్నా ఉందేమోనని. "అట్లా అయితే తోడు అసలు అవసరం లేదుగా" అంది నెమ్మదిగా.

"మేడమ్, ఆయన అక్కడికి చేరిపోతే మరి మడుగు గట్టున ఉన్నదెవరండీ? ఇప్పుడే ఆకులు పెట్టొచ్చాను" అన్నాడు ఆకుల మామ.

డాక్టరమ్మ పెన్ను తీయబోయింది గానీ ఆకుల మామ అప్పటికే లోపలికి వచ్చాడు. "నాకు లెక్కలు రావు మేడమ్. మేత వచ్చు. ఆ ఫోన్లో అమ్మాయితో ఒక్క మాట అడగనిస్తారా?"

లైను ఇంకా ఉంది. ఆ అమ్మాయి కూడా ఉంది, అది అదృష్టమే.

"అమ్మా, మీ విమానంలో మనుషులకి భోజనం ఎన్నిసార్లు పెడతారు?"

"రెండుసార్లండీ. మధ్యలో ఒకసారి చిరుతిండి."

"మొదటి భోజనానికీ రెండోదానికీ ఎంత ఎడం?"

"తొమ్మిది గంటలుంటుందండీ."

"రెండోది పెట్టాక ఎంతసేపటికి దించుతారు?"

"మూడు గంటలు."

"ఎక్కాక మొదటిది ఎప్పుడు?"

"రెండున్నర గంటలకి. మొత్తం పద్నాలుగున్నర గంటలండీ. దూరం పన్నెండు వేల వంద కిలోమీటర్లు. విమానం పటం మీద వెళ్ళినట్టు వెళ్ళదండీ, భూమి గుండ్రంగా ఉంది కదా, దగ్గర దారిన వెళ్తుంది. మీరెవరండీ? ఇంత చక్కగా ఎవరూ అడగలేదు."

"తాబేలు తాలూకు మనిషినమ్మా" అన్నాడు ఆకుల మామ.

పద్నాలుగున్నర. పన్నెండు దాటింది. ఆకుల మామ ఫోన్ పెట్టేసి గోడకు ఆనుకున్నాడు. హెడ్ గుమాస్తా గారు మెడ వంచుకుని తన ఎర్ర ముద్ర వంక చూశారు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో వేసిన ముద్రలన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి, వాటిలో తప్పువి ఎన్నో ఇక తెలిసే దారి లేదు. డాక్టరమ్మ తన ఫ్లాస్కులోంచి టీ పోసి ఆయన ముందు పెట్టింది. తప్పు మీదని అనలేదు. తప్పు చేసిన రోజున ఒకరు పోసిచ్చిన టీ వేడిగా ఉండటం చిన్న విషయం కాదు.

"కొత్త ఫారం రాద్దాం. నెల ఆలస్యమైతే అయింది. తొంభై ఏళ్ళాయనకి నెల ఎంత" అంది డైరెక్టర్ గారు.

"నేనూ వెళ్తానుగా మేడమ్?" ఆకుల మామ ఇంకా నమ్మలేదు.

"నిబంధన చదివి చెప్తాను" అని ఆవిడ పుస్తకం తెరిచింది. అదే పొరపాటు. అంతవరకు ఆ ఆఫీసులో ఎవరూ ఆ నిబంధన మొదటి వాక్యం దాటి చదవలేదు. ఆవిడ రెండోది కూడా చదివింది. "ప్రయాణ కాలం అంటే పెట్టె మూత వేసినప్పటి నుంచి తీసేదాకా." విమానాశ్రయంలో ముందు నాలుగు గంటలు, దిగాక మూడు గంటలు. మొత్తం ఇరవై ఒకటిన్నర. మూడో వాక్యం ఇంకా చిన్నది. "ఇరవై గంటలు దాటితే ఇద్దరు వెళ్ళాలి. ఒకరు మేత పెట్టే మనిషి. రెండోవారు రిజిస్టరులో జంతువు బాధ్యత తీసుకున్న ఉద్యోగి."

"బాధ్యత ఎవరి పేరున ఉందండీ?" అడిగింది డాక్టరమ్మ.

పాత రిజిస్టరు బీరువా అడుగున దొరికింది. హెడ్ గుమాస్తా గారే దుమ్ము దులిపి తెరిచారు. ముప్ఫై ఒక్క ఏళ్ళ కిందటి పేజీ. ఆ రోజు ఆదివారం. రెండు తాబేళ్ళు లారీలో వచ్చాయి. ఆఫీసులో ఒక్కరే ఉన్నారు, ఉద్యోగంలో చేరి నాలుగు రోజులైన చిన్న గుమాస్తా. ఎవరో ఒకరు సంతకం పెట్టాలి కాబట్టి పెట్టాడు. పెట్టే ముందు, అలవాటు ప్రకారం, పేరు కింద శుభ్రంగా ఒక గీత గీశాడు. తర్వాత ఆ బాధ్యతను ఇంకొకరి పేరుకు మార్చాలని ఎవరికీ తోచలేదు.

ఆయన ఆ పేజీని చాలాసేపు చూశారు. "నా పేరండీ" అన్నారు చివరికి.

ఆకుల మామ వంగి చూశాడు. "ముప్ఫై ఒక్కేళ్ళుగా ఆయన మీ మనిషేనా? ఒక్క ఆకు కూడా పెట్టలేదు కదండీ."

"నాకు లిఫ్టు ఎక్కితేనే కళ్ళు తిరుగుతాయి మేడమ్" అన్నారు హెడ్ గుమాస్తా గారు.

"మీరు వెళ్ళకపోతే ఆకుల మామ వెళ్ళకూడదు. ఇద్దరూ లేకపోతే పెద్దాయనా వెళ్ళకూడదు. నిబంధన" అంది డైరెక్టర్ గారు, జాలిగానే.

ఆయన ఆకుల మామ వంక చూశారు. ఆకుల మామ ఆయన వంక చూడలేదు. చంకలోంచి ఒక ఆకు తీసి ఈనె తుంచుతున్నాడు. అడిగే అలవాటు లేని మనిషి. నిన్న తలుపు మెల్లగా వేసిన మనిషి.

"పాస్‌పోర్టు కావాలేమో నాకు" అన్నారు హెడ్ గుమాస్తా గారు.

అది రాకపోవచ్చన్న చిన్న ఆశ మిగిలింది. తొమ్మిది రోజుల్లో వచ్చింది. ఆయన జీవితంలో ఏ కాగితమూ అంత త్వరగా రాలేదు. వడ్రంగి తలుపు చట్రం తిరిగి బిగించి, మామూలు పెట్టె కట్టాడు. పెద్ద పెట్టెను వానకు కూర్చోవడానికి గేటు కాపలాదారుకి ఇచ్చేశారు. ఇరవై ఏళ్ళుగా గొడుగు కింద నిలబడ్డ ఆయన, ఈ తప్పు ఎవరు చేశారో గానీ చల్లగా ఉండాలన్నాడు. లోపల నాలుగింతల మెత్త ఉంది మరి.

ప్రయాణికుల ఫారాల్లో ఒక గడి దగ్గర మళ్ళీ కాసేపు ఆగాల్సి వచ్చింది. ప్రమాదం జరిగితే ఎవరికి తెలియజేయాలి?

"మా ఆవిడ పోయాక ఆ గడికి నా దగ్గర పేరు లేదండీ. మా తమ్ముడు ఫోన్ ఎత్తడు. మీ పేరు రాయండి" అన్నాడు ఆకుల మామ.

హెడ్ గుమాస్తా గారు రాశారు. తన ఫారంలో అదే గడి వచ్చేసరికి ఆయన కలం కూడా ఆగింది. ఆరేళ్ళ కిందట, ఇంట్లో ఆవిడ ఉన్నప్పుడైతే ఆగేది కాదు. కొంచెం ఆలోచించి ఆకుల మామ పేరు రాశారు. ఇద్దరూ ఒకే విమానంలో ఉంటారన్న సంగతి డైరెక్టర్ గారికి తట్టలేదు, రెండింటికీ ముద్ర వేసింది. వాళ్ళిద్దరికీ తట్టింది గానీ, మార్చబుద్ధి కాలేదు.

నెల తర్వాత, ఉదయం తొమ్మిది పదికి విమానం లేచింది. మొదటి గంట హెడ్ గుమాస్తా గారు కళ్ళు తెరవలేదు. రెండో గంటలో ఆకుల మామ ఆయన బూట్ల లేసులు వదులు చేసి, కాళ్ళ కింద తన సంచి పెట్టాడు. అంతసేపు కాళ్ళు ఎత్తులో పెట్టుకుని కూర్చోవడం ఆయనకు డాక్టరు చెప్పాక అదే మొదలు. భోజనం వచ్చింది. చిరుతిండి వచ్చింది. రెండో భోజనం కూడా వచ్చింది. కిటికీ పక్కన కూర్చున్న ఆకుల మామ ఉన్నట్టుండి చెయ్యి తట్టాడు.

"ఏమండీ, పొద్దున్నుంచీ చూస్తున్నాను. సూర్యుడు కదలట్లేదు."

ఆయన వంగి చూశారు. రెక్క మీద ఎండ ఇందాక ఎక్కడుందో దాదాపు అక్కడే ఉంది. విమానం వెళ్తున్న వైపుకే సూర్యుడూ వెళ్తున్నాడు. ఎంత లెక్క వేసినా, ఎక్కినప్పటి నుంచి దిగేలోపు సూర్యుడు నడిచేది మూడున్నర గంటలే.

"నేను రాసింది పూర్తిగా తప్పు కాదయ్యా. ఆ సూర్యుణ్ణడిగితే చెబుతాడు" అన్నారు హెడ్ గుమాస్తా గారు. ఆ రోజు ఆయన నవ్వింది ఆ ఒక్కసారే.

అవతలి జంతు ప్రదర్శనశాలలో పెట్టె మూత తీసేసరికి పెద్దాయన తలా కాళ్ళూ లోపలికి లాక్కుని రాయిలా ఉన్నాడు. ఆకుల మామ పక్కన నేల మీద కూర్చుని ఒక ఆకు ముందు పెట్టి, ఏదో మెల్లగా మాట్లాడుతూ ఉన్నాడు. అక్కడి వాళ్ళు పనులకు వెళ్ళిపోయారు. సాయంత్రానికి మెడ బయటికి వచ్చింది. ఆకు చేతిలోంచే తిన్నాడు. ఆకుల మామ కళ్ళు తుడుచుకుంటూ, ఆ ఊరి దుమ్ము మంచిది కాదన్నాడు.

మర్నాడు పొద్దున ఆకుల మామ ఇంకో ఆకు చాపి నిలబడితే పెద్దాయన దాని వంక చూడలేదు. అవతల ముప్ఫై అడుగుల దూరంలో ఆడ తాబేలు ఎండలో పడుకుని ఉంది. పెద్దాయన ఆకుల మామ బూట్లను పక్కకు తోసి, అటువైపు ఒక అడుగు వేశాడు. కాసేపు ఆగాడు. ఇంకో అడుగు వేశాడు.

"పిలవమంటారా వెనక్కి?" అన్నారు హెడ్ గుమాస్తా గారు.

"వద్దండీ. వెళ్ళనివ్వండి" అన్నాడు ఆకుల మామ, ఆకును మళ్ళీ కట్టలో పెట్టేసుకుంటూ.

ఆ ముప్ఫై అడుగులు నడవడానికి పెద్దాయనకు రెండు రోజులు పట్టింది, దూరం ఎంత, కాలం ఎంత అని ఎవరూ రాసుకోలేదు.